ది స్పాయిలర్స్ (1914): అందరూ ఫైట్ గురించే మాట్లాడతారు, అసలు కథ కాగితాలది కదా?

పాతరీళ్ళు

నిన్న రాత్రి నిద్ర పట్టక పదకొండింటికి మొదలుపెట్టి ఒంటిగంట దాటాక ముగించాను. 1914లో సెలిగ్ పాలీస్కోప్ వాళ్ళు తీసిన మూకీ, దర్శకుడు కాలిన్ క్యాంప్‌బెల్, తొమ్మిది రీళ్ళు. ఒకటి రెండు రీళ్ళ బొమ్మలే మామూలైన రోజుల్లో తొమ్మిది రీళ్ళంటే చిన్న విషయం కాదు. అలాస్కాలో నోమ్ అనే బంగారు గనుల ఊరు. రాయ్ గ్లెనిస్టర్, ముసలి డెక్స్‌ట్రీ ఇద్దరూ కలిసి మిడాస్ అనే గనికి యజమానులు. మెక్‌నమారా అనే రాజకీయ నాయకుడు ఓడ దిగుతాడు, వెంట ఒక జడ్జి, ఆ జడ్జికి ఒక మేనకోడలు. నాలుగు రోజులు తిరిగేసరికి గని వీళ్ళ చేతిలో ఉండదు. తుపాకీ పెట్టి లాక్కోలేదు, కోర్టు ఉత్తర్వు పెట్టి లాక్కున్నాడు.

ఈ సినిమా గురించి ఎక్కడ చదివినా చివర్లో గ్లెనిస్టర్‌కీ మెక్‌నమారాకీ జరిగే కొట్లాట గురించే. విలియం ఫార్నమ్, టామ్ శాంచీ నిజంగానే కొట్టుకున్నట్టు ఉంటుంది, బల్లలు విరిగి చొక్కాలు చిరిగి ఆ గదంతా సర్వనాశనం. బాగుంది, కాదనను. కానీ నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ మేనకోడలు హెలెన్ ఏం మోస్తోందో తనకే తెలియకుండా సియాటిల్ నుంచి నోమ్ దాకా కాగితాలు తీసుకెళ్తుంది చూశారా, అది. ఆ కట్ట తెరిచాకే కదా దోపిడీ మొదలయ్యేది. మీరేమంటారు?

గన్నవరం గిరి

అన్నా, నేను అరగంట చూసి ఆపేశాను, తిట్టుకోకు. మనుషులు నిలబడతారు, చేతులు ఊపుతారు, మాటలు రాసిన ఒక అట్ట వస్తుంది, మళ్ళీ నిలబడతారు. కెమెరా చూస్తే స్టాండుకి మేకులు కొట్టినట్టు ఉంది. బంగారం సినిమా అంటే చాప్లిన్‌దే, బూటు ఉడకబెట్టుకు తింటాడే, అది. అదీ ఈ ఊరేగా?

సియాటిల్ సూరి

గిరీ, ఆ ఊరు కాదు. చాప్లిన్ 1925లో తీసింది క్లాండైక్ కథ, అది కెనడాలో యూకాన్ వైపు. అక్కడ బంగారం 1896లో దొరికింది, జనం ఎగబడింది 1897లో. నోమ్ అలాస్కాకి పడమటి అంచున, బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ ఆన్విల్ క్రీక్ అనే వాగులో 1898 సెప్టెంబరులో బంగారం పడింది. కనిపెట్టిన ముగ్గురినీ "అదృష్టవంతులైన ముగ్గురు స్వీడన్ వాళ్ళు" అని పిలిచేవాళ్ళు, అందులో ఒకడు, లిండెబెర్గ్, నార్వేవాడు. మన బయట రాష్ట్రాల వాళ్ళు మనందరినీ కలిపి మద్రాసీ అన్నట్టే.

నేను సియాటిల్‌లో పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. పయనీర్ స్క్వేర్‌లో ఈ బంగారు వేట మీద ఒక మ్యూజియం ఉంది, టికెట్ లేదు, చుట్టాలొస్తే మొదట అక్కడికే తీసుకెళ్తా. క్లాండైక్‌కైనా నోమ్‌కైనా ఎక్కువ ఓడలు మా ఊరి నుంచే పోయేవి, సామాన్లు అమ్మిన కొట్లవాళ్ళు బాగా సంపాదించారు.

మూడేళ్ళ కిందట ఆఫీసు పని మీద నోమ్ కూడా వెళ్ళాను. అలాస్కాలోని పెద్ద ఊళ్ళతో కలిపే రోడ్డు లేదు, మామూలుగా విమానంలోనే పోవాలి. ఊరి జనాభా ఇప్పుడు నాలుగు వేల లోపే. జూన్ నెలలో స్వెట్టరు వేసుకుని సముద్రం ఒడ్డున నిలబడితే ఒక పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళెంలో ఇసుక కడుగుతున్నాడు. నన్ను పిలిచి చూపించాడు. నల్ల ఇసుక, అందులో అంచున నాలుగైదు పసుపు చుక్కలు, ఆవగింజలో పదో వంతు ఉంటాయేమో. తడి వేలితో ఒత్తి తీసి చిన్న సీసాలో వేసుకున్నాడు. ఆ సీసా నింపాలంటే ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

చినబాబు సినిమాలు

ఒడ్డున ఇసుకలో బంగారమా? గని అంటే సొరంగం కదా?

సియాటిల్ సూరి

అదే నోమ్ విచిత్రం. 1899 వేసవిలో సముద్రం ఒడ్డు ఇసుకలోనే బంగారం ఉందని తెలిసింది. వాగుల వెంట జాగాలన్నీ అప్పటికే ఎవరెవరి పేర్లమీదో రాసేసుకున్నారు, కానీ ఒడ్డు ఎవడిదీ కాదు. పారా, బకెట్, ఊయలలా ఊపే ఒక చెక్క పెట్టె ఉంటే చాలు, ఎక్కడ నిలబడితే అక్కడ తవ్వుకోవచ్చు. ఆ కబురు బయటికి పొక్కి 1900లో వేలకి వేల మంది దిగారు. ఆ ఏడాది జనాభా లెక్కల్లోనే 12,488 మంది తేలారు. ఓడరేవు లేదు, ఓడలు దూరంగా ఆగితే పడవల్లో దిగాలి. చెట్టన్నది లేదు, పలకల దగ్గర్నుంచి అన్నీ ఓడలో రావాల్సిందే. ఒడ్డు పొడుగునా మైళ్ళకొద్దీ గుడారాలు, మురుగు, టైఫాయిడ్. సెప్టెంబరులో తుపాను వచ్చి చాలా వాటిని ఊడ్చుకుపోయింది. సినిమా కాలిఫోర్నియాలో తీశారు కాబట్టి ఆ చలి, ఆ బోసితనం తెర మీద కనపడవు, అదొక్కటే నా ఫిర్యాదు.

మారికుప్పం మనవడు

ఈ పోస్టు చూసి లాగిన్ అయ్యాను, చాన్నాళ్ళయింది. మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. మా తాతది చిత్తూరు వైపు పల్లె, కూలికి వచ్చి గనిలో చేరాడు. మా లైన్లో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో తమిళం, పిల్లలకి రెండూ వచ్చు, కన్నడం బడిలో.

ఆ ఒడ్డున తవ్వుకునే సంగతి మా తాతకి చెప్పి ఉంటే నమ్మేవాడు కాదు. మాకు బంగారం ఎప్పుడూ కనపడలేదు. రాయి కనపడేది. తెల్లటి రాయి, దాన్ని పైకి తెచ్చి పిండి కొట్టి కరిగిస్తే టన్నుకి కొన్ని గ్రాములు. చాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్లకి పైగా లోతు దిగారు, లోపల గోడ మీద చెయ్యి పెడితే వేడి. షిఫ్టు దిగి పైకొస్తే వెతికేవాళ్ళు. తాత సద్ది డబ్బా మూత తీసి, లోపల వేలు పెట్టి చూసేవాళ్ళట. ముప్పై ఏళ్ళు గనిలో పనిచేసిన మనిషి మా నాయనమ్మ ముక్కుపుడక మాత్రం బంగారుపేట బజారులో అప్పు చేసి కొన్నాడు.

అందుకే నాకు ఆ సినిమాలో గ్లెనిస్టర్ మీద అంత జాలి కలగలేదు. గని నాది అని గుద్దులాడుకునేవాళ్ళ కథ అది. నా అనడానికి ఏమీ లేనివాళ్ళు వెనకాల గుంపులో కనపడి పోతారు, అంతే.

పాతరీళ్ళు

ఆ కోణం నాకు తట్టలేదు మనవడు గారూ. నిజమే, మిడాస్ గనిలో పారలు పట్టిన వాళ్ళకి పేర్లు లేవు. ఆ మూత తీసి వేలు పెట్టడం రాత్రంతా గుర్తొస్తుంది నాకు.

లాయర్ లలిత

పాతరీళ్ళు గారూ, మీ ప్రశ్నకి వస్తా. మీరు "కోర్టు ఉత్తర్వుతో లాక్కున్నాడు" అన్నారు, అది ఎలా జరుగుతుందో చెప్తే ఈ కథ ఎంత పకడ్బందీగా రాశాడో అర్థమవుతుంది.

ఆస్తి మీద తగాదా ఉందనుకోండి. కేసు తేలేలోపు ఆస్తి పాడవకుండా కోర్టు ఒక మనిషిని పెడుతుంది, రిసీవర్ అంటారు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 40 అదే. రిసీవర్ ఎవరి పక్షమూ కాకూడదు, ఆస్తిని కాపాడాలి, లెక్క చెప్పాలి. కొబ్బరితోట తగాదాలో ఉంటే కాయలు దింపించి డబ్బు కోర్టులో కడతాడు చూడండి, అలా. గనితో వచ్చిన చిక్కేమిటంటే, కాయలు మళ్ళీ కాస్తాయి, బంగారం మళ్ళీ కాయదు. కేసు తేలేలోపు తవ్వుకుపోతే, గెలిచినవాడికి మిగిలేది గొయ్యి.

ఇప్పుడు నిజంగా నోమ్‌లో జరిగింది వినండి. అలెగ్జాండర్ మెకెంజీ అని నార్త్ డకోటా రాజకీయాల్లో చక్రం తిప్పినవాడు. ముందు చట్టంలోనే మార్పు పెట్టించబోయాడు, విదేశీయుల పేరుమీద ఉన్న గనులు చెల్లవని తేలేలా. అది కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, నెగ్గలేదు. అప్పుడు తనకు కావలసిన మనిషి, ఆర్థర్ నాయిస్, నోమ్‌కి జడ్జిగా వచ్చేలా చూసుకున్నాడు. ఇద్దరూ 1900 జులైలో ఒకే ఓడలో దిగారు. వారం తిరక్కుండానే ఆన్విల్ క్రీక్‌లో మేలైన గనులకి మెకెంజీయే రిసీవర్. అవతలి వాళ్ళకి నోటీసు లేదు, వాదన లేదు. గనికి 5,000 డాలర్ల పూచీకత్తు. పైగా తవ్వకం ఆపొద్దని ఉత్తర్వు. అప్పీలుకి వెళ్తామంటే ఇది అప్పీలుకి లొంగే ఉత్తర్వు కాదు పొమ్మన్నాడు జడ్జి. మన దగ్గర రిసీవర్‌ని పెట్టిన ఉత్తర్వు మీద ఆర్డర్ 43 కింద అప్పీలు హక్కు ఉంది, అదెందుకు ఉండాలో ఈ ఒక్క కేసు చాలు చెప్పడానికి.

సినిమాలో మెక్‌నమారా అంటే మెకెంజీ, జడ్జి స్టిల్‌మన్ అంటే నాయిస్. ఈ కథ ఊహ కాదు.

గన్నవరం గిరి

లలితమ్మా, ఇది మా పెదనాన్న చెరువు గట్టు కేసులా ఉందే. ఆయన కేసు గెలిచేసరికి చెరువు లేదు, గట్టు ఉంది.

సరే, మరి ఆ మెకెంజీని చివరికి ఎవడు కొట్టాడు?

లాయర్ లలిత

ఎవడూ కొట్టలేదు గిరీ, అదే చెప్పబోతున్నా. గని యజమానులు శాన్ ఫ్రాన్సిస్కోకి మనుషుల్ని పంపారు. పైకోర్టులో జడ్జి విలియం మారో ఉత్తర్వు ఆపేసి, బంగారం తిరిగివ్వమన్నాడు. ఆ కాగితం ఓడలో నోమ్ చేరాలి. చేరింది. మెకెంజీ ఖాతరు చెయ్యలేదు, నాయిస్ కూడా చెయ్యలేదు. అప్పుడు మళ్ళీ ఓడ, మళ్ళీ శాన్ ఫ్రాన్సిస్కో. ఈసారి అక్కడి నుంచి మార్షల్స్, అంటే కోర్టు ఉత్తర్వులు అమలు చేసే అధికారులు, వచ్చి అక్టోబరులో మెకెంజీని పట్టుకుపోయారు.

ఇక్కడ సినిమావాళ్ళు వదిలేసిన గొప్ప టెన్షన్ ఒకటుంది. అక్టోబరు దాటితే బేరింగ్ సముద్రం గడ్డకడుతుంది. ఆ తర్వాత వేసవి దాకా ఓడ రాదు. ఆ మార్షల్స్ ఓడ కొన్ని వారాలు ఆలస్యమైతే ఆ చలికాలమంతా నోమ్‌లో మెకెంజీ చెప్పిందే వేదం.

చినబాబు సినిమాలు

ఎంతైనా లలిత గారూ, ఇది చదవడానికి బాగుంది, తెర మీద ఎలా చూపిస్తారు? 1914లో మాట లేదు. "సూపర్‌సీడియాస్ రిట్ జారీ అయింది" అని, అదే కింది కోర్టు ఉత్తర్వు ఆపేశారని, అట్ట వేస్తే హాల్లో ఈలలు పడతాయా? నవలే ఆ పని చేసింది. రెక్స్ బీచ్ 1906లో నవల రాసినప్పుడే ముగింపు గుద్దులాటకి తెచ్చాడు. జనానికి కావలసింది ఆ దొంగ వెధవ పక్కటెముకలు విరగడం. కోర్టులో ఓడినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, హాల్లో అయినా గెలవనివ్వండి.

ఇంకో సంగతి. 1914 ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీద స్ట్రాండ్ థియేటర్ తెరిచారు, సినిమాల కోసం కట్టిన మొదటి పెద్ద ప్యాలెస్‌లలో ఒకటి, సుమారు మూడు వేల సీట్లు. అందులో మొదటి బొమ్మ ఇదే. ఫైట్ లేకపోతే మొదటి ఆటకి దీన్ని పెట్టేవాళ్ళా?

పాతరీళ్ళు

పెట్టేవాళ్ళు కాదు, ఒప్పుకుంటా. కానీ చినబాబూ, ఫైట్ వల్ల గని తిరిగి రాలేదు, అది చూడు. కథలో కూడా కోర్టు కాగితమే చివరికి దాన్ని తిరిగి ఇప్పిస్తుంది. గుద్దులాట మన కసి తీరడానికి. పైగా దాని వల్ల నష్టం కూడా జరిగింది. 1923లో మళ్ళీ తీశారు, 1930లో గ్యారీ కూపర్‌తో, 1942లో జాన్ వేన్‌తో, 1955లో జెఫ్ చాండ్లర్‌తో రంగుల్లో. మొత్తం అయిదు. తీసిన ప్రతివాడూ కిందటివాడి కంటే ఫైట్ పెద్దగా ఉండాలనే చూసుకున్నాడు. 1942 దాంట్లో మార్లిన్ డీట్రిచ్, రాండల్ఫ్ స్కాట్ కూడా ఉన్నారు, నాకు సరదాగానే ఉంది, కానీ అందులో గని ఎలా పోయిందో ఎవడికీ పట్టదు, సెలూన్ (అదే, వాళ్ళ సారా కొట్టు) ఎప్పుడు పగులుతుందా అని చూడటమే.

అందులో ఒక ముసలి లాయరు వేషం ఉంది, వీటన్ అని. అది వేసింది ఎవరనుకున్నారు? 1914లో గుద్దులాడిన ఫార్నమే. ఇరవై ఎనిమిదేళ్ళకి పిడికిలి పోయి ఫైలు పట్టుకున్నాడు. నా పక్షానికి వచ్చినట్టే!

చినబాబు సినిమాలు

హహ, ఇది కొత్త సంగతి. ఒక పాయింటు మీకు.

చెర్రీ మలాట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? 1914 దాంట్లో నాకు నచ్చింది ఆమే. సెలూన్ మనిషి, ఊరంతా చులకనగా చూస్తుంది, రాయ్ కోసం ప్రాణం పెడుతుంది, హెలెన్ మీద అసూయతో అతన్ని జూదంలో ముంచబోయి మళ్ళీ తనే అడ్డుపడుతుంది. మంచమ్మాయి వేషం కంటే వంద రెట్లు నయం. వేసింది క్యాథ్లిన్ విలియమ్స్. అదే సెలిగ్ కంపెనీ దానికి కొద్ది నెలల ముందే ఆమెతో ఒక సీరియల్ మొదలుపెట్టింది, పదమూడు భాగాలు, ఎక్కడ జరుగుతుందో తెలుసా, ఇండియాలో! అల్లాహా అనే లేని రాజ్యం. సెలిగ్‌కి సొంత జంతువుల కొట్టం ఉండేది కాబట్టి సింహాల్ని, ఏనుగుల్ని వదిలేసి ఇదే ఇండియా అన్నాడు.

గన్నవరం గిరి

అంటే కాలిఫోర్నియాలోనే అలాస్కా, కాలిఫోర్నియాలోనే ఇండియా. మనవాళ్ళు ఊటీని కాశ్మీర్ అన్నారని ఇన్నాళ్ళూ నవ్వుకున్నా.

మారికుప్పం మనవడు

లలిత గారూ, ఒక సందేహం. మెకెంజీకి శిక్ష పడిందా? అంత చెప్పి అది చెప్పకుండా వదిలేశారు.

లాయర్ లలిత

కావాలనే ఆపాను, మూడ్ పాడవుతుందని. 1901 ఫిబ్రవరిలో కోర్టు ధిక్కారం కింద ఏడాది జైలు వేశారు. దొంగతనానికి కాదు, గమనించండి, ధిక్కారానికి. మే నెలలో ప్రెసిడెంట్ మెకిన్లీ ఆరోగ్యం బాగాలేదని క్షమాభిక్ష పెట్టాడు. మూడు నెలలు ఉన్నాడు లోపల. నాయిస్‌కి వెయ్యి డాలర్ల జరిమానా, 1902లో ఉద్యోగం పోయింది. వెయ్యి డాలర్లు!

మారికుప్పం మనవడు

అనుకున్నా.

చినబాబు గారూ, మీరన్నది ఇప్పుడు అర్థమైంది. మూడు నెలలు లోపల ఉండి బయటికొచ్చినవాణ్ని చూపిస్తే హాల్లో కుర్చీలు విరిగేవి. ఆ విరగ్గొట్టేదేదో తెర మీదే చేశారు.

సియాటిల్ సూరి

రెక్స్ బీచ్ గురించి ఒక ముక్క. ఆయన కూడా బంగారం కోసమే అలాస్కా వెళ్ళాడు, కొన్నేళ్ళు ఉన్నాడు, దొరకలేదు. నవల వచ్చిన ఏడాదే ఈ దోపిడీ మీద పత్రికలో వరసగా వ్యాసాలు కూడా రాశాడు, అసలు పేర్లతో. అంటే లలిత గారు చెప్పిందంతా ఆయనకి తెలుసు, తెలిసే నవలలో ఫైట్ పెట్టాడు. ఇంకా వింత, 1904 ఒలింపిక్స్‌లో వాటర్ పోలోలో వెండి పతకం ఉంది ఆయనకి. బంగారం అక్కడా దొరకలేదు పాపం.

వ్యాట్ ఎర్ప్ అనే పేరుమోసిన అమెరికా తుపాకీవీరుడు కూడా నోమ్‌లో డెక్స్‌టర్ అనే సెలూన్ నడిపాడు ఆ రోజుల్లోనే. అరిజోనాలో టూంబ్‌స్టోన్ అనే ఊళ్ళో తుపాకులు పేల్చిన మనిషే. తవ్వేవాడికంటే పోసేవాడికే ఎక్కువ మిగిలింది.

వేదిక నిర్వాహకుడు

చెరువు గట్టు కేసు వివరాలు, గిరి గారి పెదనాన్న గారి లాయరు ఫీజు మీద వచ్చిన ఏడు పోస్టులు "పిచ్చాపాటీ"కి మార్చాను. ఇక్కడ సినిమా కొనసాగించండి.

గన్నవరం గిరి

మార్చినందుకు థాంక్స్ సార్, పెదనాన్న చూస్తే నా పని అయిపోయేది.

నిన్న రాత్రి మళ్ళీ పెట్టాను, ఈసారి మొత్తం చూశా, మా ఆవిడ కూడా కూర్చుంది. తనకి కథ చెప్పలేదు. ఓడలో ఆ పిల్లని వీళ్ళు కాపాడి దాచిపెడుతున్నప్పుడు నేను "అమ్మాయి దగ్గర కాగితాలున్నాయి చూడు" అన్నాను. అప్పటి నుంచి మా ఆవిడ గ్లెనిస్టర్ ఆమె వైపు ప్రేమగా చూసినప్పుడల్లా "ఒరే అబ్బాయ్, ముందు ఆ సంచి వెతుకు" అని గోల. వాడు వినలేదు. ఫైట్ వచ్చేసరికి తను కూర లోకి పోపు పెట్టడానికి లేచి వెళ్ళిపోయింది, ఇంకేముంది, అప్పుడే అయిపోయిందిగా అని.

చినబాబన్నా, నేను మాత్రం ఫైట్ రెండుసార్లు చూశా. ఈల కూడా వేశా.